తుప్పు పట్టని నోటీసు

మా కెరటాలపేట మున్సిపాలిటీలో ఏ నోటీసైనా ముప్పై రోజులు వేలాడితే గాని చెల్లదు. పద్నాలుగో నిబంధన ఆ సంగతి స్పష్టంగా చెబుతుంది: "కార్యాలయము వెలుపల, ఆరుబయట, మున్సిపాలిటీ వారి ఫలకముపై, ప్రజలు చదువుకొనుటకు వీలుగా, ముప్పది దినములు ఎడతెగక ప్రదర్శింపబడవలెను." మధ్యలో కాగితం పడిపోతే లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు.

ఈ నిబంధన రాసినాయన సముద్రం లేని ఊళ్లో పుట్టి ఉంటాడు. మా ఆఫీసుకీ అలలకీ మధ్య దూరం రెండు వందల అడుగులు. కొత్త గుండుసూది నాలుగు రోజుల్లో ఎర్రబడుతుంది, పదో రోజుకి నల్లబడుతుంది, ఇరవయ్యో రోజుకి తాను ఒకప్పుడు సూదినన్న సంగతే మరిచిపోతుంది.

ఆ సూదుల మీద ఆశ పెట్టుకున్న మనిషి గరికిన నూకాలమ్మ. ఆఫీసు గేటుకి ఎదురుగా, మురుగు కాలవ పక్కన, ఎండలో గంప పెట్టుకుని చేపలమ్ముతుంది. పొద్దున్న తొమ్మిదికి ఐసు కరుగుతుంది. పదికి చేపల కళ్లు తెల్లబడతాయి. పదకొండు దాటితే మిగిలినవి పిల్లులకే. కొత్త చేపల మార్కెట్లో పైకప్పు ఉన్న పన్నెండో అరుగును ఆమెకి కేటాయించాలని కౌన్సిలు తీర్మానించింది. ఆ తీర్మానం నోటీసై ముప్పై రోజులు వేలాడటమే తరువాయి. ఆగస్టు పదిహేనున మార్కెట్టు తెరుస్తారు. ఆ రోజుకి నోటీసు గడువు తీరని అరుగులు రద్దవుతాయి. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, మళ్లీ రెండేళ్లు ఎదురు చూడాలి.

మొదటిసారి నోటీసు పందొమ్మిదో రోజున పడిపోయింది. సూదులు విరిగాయి. రెండోసారి ఇరవయ్యారో రోజున ఒక మేక వచ్చి, మిగతా ప్రకటనలన్నీ వదిలేసి, దీన్ని మాత్రమే తిన్నది. మూడోసారి అద్దాల తలుపున్న బోర్డులో పెట్టి తాళం వేశాం. ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం బందులు తుప్పు పట్టి తలుపు ఊడింది. తలుపుతో బోర్డు వచ్చింది, బోర్డుతో గోడ పెచ్చు వచ్చింది.

ఆఫీసు సూపరింటెండెంటుగా ఆ కబురు నూకాలమ్మకి చెప్పాల్సింది నేనే. ఆమె పొలుసు తీస్తూ తలెత్తకుండా విన్నది.

"ఇన్నాళ్ల బట్టీ నాను ఈ ఎండన కూకున్నాను గదా బాబూ, పడిపోనానేటి? ఆ కాయితం ముప్పై రోజులు ఉండనేకపోనాది. ఓ పని సెయ్యండి. కాయితం బదులు నన్నే గోడకెట్టి మేకులు కొట్టీయండి. నానైతే పడను."

అని, ఎప్పటిలాగే రెండు ముక్కలు కడిగి, టేకాకులో చుట్టి, కొబ్బరి ఈనె పుల్లతో పొట్లం గుచ్చి నా చేతిలో పెట్టింది. మా ఆవిడ పోయాక ఒక్కడికి వండుకోవడం నేర్చుకుంటున్నాను. ఒక మనిషి పులుసులోకి ఎన్ని ముక్కలు పడతాయో నాకింకా అంతుపట్టలేదు. నేనెప్పుడూ చెప్పకపోయినా నూకాలమ్మకి తెలుసు.

సరిగ్గా ఆ వారమే మా కమిషనరు దివాకరం గారు నగరంలో మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. శిక్షణ పేరు "వాతావరణ సహిష్ణు పరిపాలన". వచ్చిన దగ్గర్నుంచి ఆయన దేన్ని చూసినా దాని సహిష్ణుత గురించే అడుగుతున్నారు. కుర్చీ సహిష్ణుత, గొడుగు సహిష్ణుత, చివరికి ఉప్మా సహిష్ణుత. నేలకూలిన బోర్డును చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. అరగంటలో మమ్మల్నందర్నీ పిలిచి, నా వైపు తిరిగారు.

"నోటీసు నిలబడితేనే పరిపాలన నిలబడుతుంది. ఇది కేవలం మేకు సమస్య కాదు, వరహాలరావు గారూ. ఇది విధాన సమస్య."

నూకాలమ్మ నోటీసు మీద నాలుగోసారి సంతకం చేసి నాకిచ్చారు. వెంటనే మరో కాగితం మీద సంతకం చేశారు. అది, తగిన సామగ్రి ఎంపికయ్యేవరకు ఏ నోటీసునూ ప్రదర్శించరాదని నిషేధపు ఉత్తర్వు. మూడో కాగితంతో "బహిరంగ ప్రకటన ఫలక సామగ్రి మన్నిక నిర్ధారణ సంఘం" పుట్టింది. కమిషనరు గారు అధ్యక్షులు, ఇంజనీరు పరాంకుశం గారు సభ్యులు, అటెండరు సన్యాసి ప్రజల ప్రతినిధి. నలభై ఏళ్ల కిందట నేను రసాయనశాస్త్రంలో బీయస్సీ చదివానని ఎవరో చెప్పడంతో నన్ను కార్యదర్శిని చేశారు. తుప్పు గురించి నాకు తెలిసింది ఒకే ఒక సూత్రం. దాన్ని బల్ల మీద రాసి చూపించాను. కమిషనరు గారు చాలాసేపు చూసి, ఇది ఎంతకాలంగా జరుగుతోందని అడిగారు.

నిషేధపు ఉత్తర్వుతో వెంటనే ఒక చిక్కొచ్చింది. అదీ నోటీసే. ముప్పై రోజులు వేలాడాలి. వేలాడదీయడానికి బోర్డు లేదు. కమిషనరు గారు ఆలోచించి, సన్యాసిని ఆ కాగితం పట్టుకుని గేటు బయట నిలబడమన్నారు. మనిషికి తుప్పు పట్టదు, మేక తినదు, బందులూ ఊడవు. సన్యాసి పొద్దున్న పదింటికి నిలబడ్డాడు. ఒంటిగంటకి భోజనానికి వెళ్లాడు. లెక్క మొదటికొచ్చింది. మర్నాడూ అంతే. వారం రోజులు నిలబడితే ఉత్తర్వు మొత్తం మీద మూడు గంటలు పాతబడింది. ఒక పూట వాన మొదలైతే నూకాలమ్మ తన గంప మీది గోనెపట్టా ఒకటి తెచ్చి సన్యాసి నెత్తిన కప్పి, నువ్వు తడిసినా పర్లేదు గానీ కాయితం తడిస్తే ప్రభుత్వానికి జలుబు చేస్తుందన్నదట.

ఈలోగా యుద్ధ ప్రాతిపదికన సలహాదారు దిగాడు. డాక్టర్ చిదానందం గారు నగరం నుంచి ఒక తోలుపెట్టె తెచ్చారు. దాన్ని పెళ్లి నగల పెట్టెలా తెరిచారు. నీలం మఖ్మలు మీద వరసగా మేకులు, స్క్రూలు, బందులు. అందరం ముందుకి వంగాం. ఆయన గొంతు తగ్గించి అన్నారు.

"ప్రపంచంలో రెండే రకాల మేకులున్నాయి. తుప్పు పట్టినవి, తుప్పు పట్టబోయేవి."

కమిషనరు గారు ఆ మాటను డైరీలో రాసుకున్నారు.

ఇంజనీరు గారు ఇత్తడి వైపు మొగ్గారు. ఉప్పు గాలికి ఇత్తడి ఏళ్ల తరబడి తట్టుకుంటుందని గట్టిగా వాదించారు. ప్రజల ప్రతినిధిగా సన్యాసి లేచి, మన ఊళ్లో ఇత్తడికి తుప్పు పట్టదు, కాళ్లొస్తాయని మనవి చేశాడు. ఇత్తడి కొట్టేశాం. అల్యూమినియం చట్రానికి స్టీలు స్క్రూలు బిగిస్తే ఒక లోహం రెండోదాన్ని తింటుందని నేను చెప్పాను. అది నిజమే గానీ, కమిషనరు గారు ఆ రెండు లోహాలకీ సంజాయిషీ నోటీసులివ్వమన్నారు. ఎక్కడ అంటించాలన్న ప్రశ్న రావడంతో ఆ విషయం వాయిదా పడింది. చివరికి ఓడలకి వాడే స్టీలు ఖాయమైంది. చట్రం, బందులు, తాళం, మేకులు అన్నీ అదే. వాన చొరకుండా చుట్టూ రబ్బరు పట్టీ. దొంగలు విప్పలేని ప్రత్యేకమైన తలకాయ స్క్రూలు. వాటిని విప్పే సాధనం రాష్ట్రంలో ఒక్కటే ఉంది. అది డాక్టరు గారి జేబులో ఉంది.

ఇక పరీక్ష. కొత్త బోర్డు ముప్పై రోజులు ఉప్పునీళ్లకి తట్టుకోవాలి. రోజుకి మూడుసార్లు పంపుతో దాని మీద ఉప్పునీళ్లు చల్లాలి. ఎదురుగా సముద్రం ఉంది కదండీ, రాత్రీ పగలూ చల్లుతూనే ఉంది అన్నాను. డాక్టరు గారు నా వైపు జాలిగా చూశారు.

"సముద్రానికి ధ్రువపత్రం లేదండీ."

ధ్రువపత్రం ఉన్న ఉప్పు నగరం నుంచి వచ్చింది. ధ్రువపత్రం లేని సముద్రపు తుంపరలు కలిస్తే ఫలితం పాడవుతుందని, బోర్డు చుట్టూ టార్పాలిన్లు కట్టి పైన రేకులు వేశారు. ఎండ కూడా ప్రామాణికం కాదు గనక ఒక దీపం పెట్టారు. గాలి కోసం టేబులు ఫ్యాను. ఆ విధంగా ఆరుబయట పెట్టాల్సిన బోర్డు వాతావరణానికి ఎలా తట్టుకుంటుందో తెలుసుకోవడానికి, వాతావరణం తగలకుండా దానికొక ఇల్లు కట్టాం. ఊళ్లో అంత చల్లటి చోటు ఇంకొకటి లేదు. సన్యాసి తన నిషేధపు ఉత్తర్వును ఆ బోర్డులో పెట్టి, వారం తర్వాత మొదటిసారి హాయిగా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. పరీక్ష సమగ్రంగా ఉండాలి గనక సామగ్రినంతా లోపల పెట్టాలన్నారు డాక్టరు గారు. బోర్డు లోపలి అరలో మిగిలిన స్క్రూలు, విడి బందులు, సాధనాలు అన్నీ పొందికగా పేర్చి, తలుపు మూసి, స్వయంగా తాళం వేశారు. తాళం నొక్కితే దానంతటదే పడే రకం.

శాస్త్రం అక్కడితో ఆగదు. సామగ్రి అవసరమని రుజువు కావాలంటే, సామగ్రి లేకపోతే ఏమవుతుందో కూడా చూపించాలి. అందుకని మరో బోర్డు. దాని పేరు పోలిక ఫలకం. దాన్ని నిజంగా ఆరుబయట, గేటు పక్కన నిలబెట్టాలి. ఇనుము ముక్క తగలకూడదు. దాని పని త్వరగా పడిపోవడమే. కూలిన పాత బోర్డు తాలూకు పురుగు తిన్న చెక్క ఒకటి తెచ్చి పాతారు. చెక్కకి స్టాకు నంబరు లేకపోతే ఆడిటు ఒప్పుకోదని ఇంజనీరు గారు దాని నెత్తిన "మున్సిపాలిటీ వారి ఫలకము" అని, కింద స్టాకు నంబరు పెయింటుతో రాయించారు.

దాని మీద అంటించడానికి ఏదైనా ఒక కాగితం ఇవ్వమని డాక్టరు గారు నన్ను అడిగారు. ఏ కాగితమైనా ఫరవాలేదు, ఎలాగూ రెండ్రోజుల్లో పోయేదేనన్నారు. నా బల్ల మీద చేతికి దగ్గరగా ఉన్న కాగితం తీసి ఇచ్చాను. ఆ పూట చేతికి దగ్గరగా ఉన్నది పన్నెండో అరుగు నోటీసు. దాన్ని అలా దగ్గరగా పెట్టింది నేనే.

అంటించేవాళ్లకి శాస్త్రజ్ఞానం ఉండకూడదన్నది తర్వాతి షరతు. నేను బీయస్సీ గనక పనికిరాను. సన్యాసి సంఘ సభ్యుడు. గేటు దగ్గరకి వెళ్లి నూకాలమ్మని పిలిచాం. ఆమెకి శాస్త్రం తెలియదని ఒక ధ్రువీకరణ పత్రం రాసి వేలిముద్ర వేయించుకున్నారు. ఏమి రాశారని ఆమె అడిగితే డాక్టరు గారు వివరించారు.

"నిజవే బాబూ," అన్నది. "నాకు సేపలే తెలుసు."

కాగితాన్ని రెండు వైపులా పడవలకి పూసే సొర నూనెతో తడిపింది. పొట్లాలు గుచ్చే ఎండు ఈనె పుల్లలు నాలుగు తీసి, చెక్కలో పురుగు తొలిచిన చిల్లుల్లోకి రాయితో దిగ్గొట్టింది. వాసనకి సంఘం రెండడుగులు వెనక్కి వేసింది. పని ముగించి తలెత్తి చూసినప్పుడు గాని అది తన నోటీసని ఆమెకి తెలియలేదు. చదువు రాకపోయినా నాలుగుసార్లు చూసిన కాగితం కదా, పన్నెండు అంకె ఉన్న చోటు గుర్తుపట్టింది. నా వైపు చూసింది. నేను సముద్రం వైపు చూశాను.

అది జూలై పద్నాలుగు.

డాక్టరు గారు ఒక రిజిస్టరు తయారు చేశారు. రోజూ పదకొండు గంటలకి సంఘం మొత్తం పోలిక ఫలకం ముందు నిలబడి మూడు గడులు నింపాలి. పడినదా. చదువ వీలగుచున్నదా. ఎవరైనా ఆక్షేపించినారా. మూడో గడి నూనె వాసన కోసం పెట్టారు. కింద డాక్టరు గారితో కలిపి అయిదుగురి సంతకాలు. మొదటి రోజు: పడలేదు, వీలగుచున్నది, లేదు. రెండో రోజు అంతే. వారం గడిచేసరికి డాక్టరు గారి ముఖంలో చిన్న అసహనం కనిపించింది. ఒకరోజు ఆయన నోటీసు ముందు నిలబడి, పడాలి, ఇది పడి తీరాలి అని దానికే చెబుతున్నారు.

మేక వచ్చింది. వాసన చూసి తుమ్మి, ఆఫీసు లోపలికి వెళ్లి హాజరు పట్టీ తిన్నది. పిల్లి వచ్చింది. దానితోనే భయం, సొర నూనె వాసనకి చెక్క ఎక్కబోయేది. నూకాలమ్మ రోజూ దానికొక కవ్వలు చేప వేసి కూర్చోబెట్టేది. ఈ మొత్తం వ్యవహారంలో చేతులు మారిన లంచం అదొక్కటే.

ఇంటిలాంటి షెడ్డులో ఉన్న స్టీలు బోర్డుకి మూడో రోజునే అద్దం లోపల ఆవిరి పట్టింది. రబ్బరు పట్టీ అంత గొప్పగా పనిచేసింది. బయటి తేమ లోపలికి వెళ్లలేదు, లోపలి తేమ బయటికి రాలేదు. నిషేధపు ఉత్తర్వు పొగమంచులో పడవలా తెల్లగా కనబడేది. స్టీలు బోర్డు పరీక్ష సఫలమవుతోందని రిజిస్టరులో రాసుకున్నాం.

ఇరవై రెండో రోజు తుపాను గాలి. తెల్లవారగానే గొడుగు కూడా మరిచి పరిగెత్తాను. షెడ్డు రేకులు ఎగిరి ఇసుకలో పడి ఉన్నాయి. దాన్ని డాక్టరు గారు తర్వాత "పరీక్షకు సముద్రము వలన అంతరాయము" అని నమోదు చేసి, మధ్యాహ్నానికల్లా రేకులు తిరిగి వేయించారు. పోలిక ఫలకం దగ్గర నూకాలమ్మ తడిసి ముద్దై కూర్చుని ఉంది. నోటీసు ఉంది. వానకి పుల్లలు ఉబ్బి, చిల్లుల్లో ఇంకా బిగుసుకున్నాయి.

"నాను ముట్టుకోనేదు బాబూ," అన్నది నేనేమీ అడగకముందే. "ముట్టుకుంటే లెక్క పోద్దంట గదా. ఊరికే పక్కన కూకున్నాను, తోడుగా."

ఇంటి నుంచి ఫ్లాస్కులో టీ తెచ్చి ఇచ్చాను. మా ఆవిడ కొన్న ఫ్లాస్కు. మూత పోయి రెండేళ్లయింది, వేడి మాత్రం ఇప్పటికీ నిలుపుతుంది. ఆ రోజు పదకొండు గంటలకి అయిదు గొడుగుల కింద అయిదు సంతకాలు పడ్డాయి. పడలేదు, వీలగుచున్నది, లేదు.

ఆగస్టు పన్నెండుతో ముప్పై రోజులు నిండాయి. పదమూడున ఫలితాల ప్రకటన. ముందు స్టీలు బోర్డు. డాక్టరు గారు తాళంచెవి పెట్టి తిప్పారు. ధ్రువపత్రం ఉన్న ఉప్పు తాళంలో గడ్డకట్టి ఉంది, తిరగలేదు. ఆయన చలించలేదు. స్క్రూలు విప్పి తీస్తే సరిపోతుందన్నారు. జేబు తడుముకున్నారు. రెండో జేబు తడుముకున్నారు. తర్వాత మెల్లగా అద్దం దగ్గరికి వెళ్లి, ఆవిరిలోంచి లోపలి అరలోకి తొంగి చూశారు. రాష్ట్రంలో ఒక్కటే ఉన్న సాధనం లోపల పొందికగా పడుకుని ఉంది. దానికి తుప్పు కూడా పట్టలేదు.

కమిషనరు గారు ఇప్పుడేం చేయాలని డాక్టరు గారిని అడిగారు.

"సంతోషించాలి సార్. తయారుచేయించిన మనమే తెరవలేకపోతున్నామంటే, ఇక దొంగలేం తెరుస్తారు."

పోలిక ఫలకం మాత్రం పరీక్షలో విఫలమైందని ఆయన బాధగా ప్రకటించారు. దాని బాధ్యత పడిపోవడం. దాన్ని అది నిర్వర్తించలేదు. పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి. పడని ఆ కాగితమేమిటో చూద్దామని కమిషనరు గారు దగ్గరికి వెళ్లారు. ముప్పై రోజులుగా దాని ముందు నిలబడి సంతకాలు చేస్తున్న మనిషి మొదటిసారి కళ్లజోడు పెట్టుకుని చదివారు.

"వరహాలరావు గారూ, ఇది పన్నెండో అరుగు నోటీసు కదా."

"అవునండి."

"నేను నోటీసులన్నీ నిషేధించాను కదా."

"ఆ నిషేధమూ నోటీసేనండి. ముప్పై రోజులు ఆరుబయట, చదవడానికి వీలుగా వేలాడాలి. అది రేకుల కింద, ఆవిరి వెనక ఉందండి. ఇంకా అమల్లోకి రాలేదు."

ఆయన చేయి చాచారు. రిజిస్టరు ఇచ్చాను. మున్సిపాలిటీ వారి ఫలకము, స్టాకు నంబరు, ఆరుబయట. ముప్పై పుటలు, నూట యాభై సంతకాలు. పడలేదు. వీలగుచున్నది. ఆక్షేపణ లేదు. ఒక్కొక్క పుటే తిప్పారు. ఇంజనీరు గారు తన సంతకం కేసి తనే భయంగా చూసుకుంటున్నారు. గేటు అవతల నూకాలమ్మ కత్తి ఆపి ఇటే చూస్తోంది. ఆమె చేతిలో చేప ఉంది, ఎండలో దాని కన్ను తెల్లబడుతోంది. ఆ నిమిషం నాకు చాలా పొడుగ్గా గడిచింది.

కమిషనరు గారు కళ్లజోడు తీశారు. మీసాల కింద ఏదో కదిలింది. అది నవ్వేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. గొంతు మాత్రం ఎప్పటిదే.

"సదరు నోటీసు నిలబడింది. నిలబడ్డదాన్ని పడగొట్టడం మా విధానం కాదు. కేటాయింపు పత్రం తీసుకురండి."

సంతకానికి బల్ల లేకపోతే పోలిక ఫలకాన్నే ఆనుకుని చేశారు. అది అప్పుడూ పడలేదు. నూకాలమ్మ తన చేతిలో ఉన్న చేపని పిల్లికి వేసేసింది. ఆ నెలలో పిల్లికి దక్కిన పెద్ద చేప అదే.

ఆడిటు వారు తర్వాత ఒక ప్రశ్న పంపారు. ముప్పై రోజులు నిలిచిన సామగ్రి వివరాలు, అది దొరికే చోటు తెలుపవలెను. ఈనె పుల్లలు నాలుగు, కొబ్బరిచెట్టున దొరుకును అని రాశాను. జవాబు సంతృప్తికరంగా లేదన్నారు. డాక్టరు గారు రెండో విడత పరీక్షకి పెద్ద షెడ్డు అడుగుతున్నారు. స్టీలు బోర్డు ఇంకా తెరుచుకోలేదు.

ఆగస్టు పదిహేను పొద్దున్న మార్కెట్టు తెరిచారు. తెరిచిన కాసేపటికే వాన పట్టుకుంది. గొడుగు తిరగబడి నేను తడుస్తూ వెళ్లేసరికి పన్నెండో అరుగు మీద నూకాలమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒంటి మీద చుక్క నీళ్లు లేవు. పక్కన ఐసు గట్టిగా మెరుస్తోంది.

"లోనికి రా బాబూ, తడిసిపోతన్నావు," అని పక్కకి జరిగి చోటిచ్చింది.

తిరగబడ్డ గొడుగు ముడుస్తూ ఆమె పక్కన కూర్చున్నాను. తర్వాత ఆమె రెండు ముక్కలు కడిగి, ఏమనుకుందో ఏమో ఇంకో ముక్క కలిపి, ఆకులో చుట్టి పుల్ల గుచ్చి ఇచ్చింది. ఇంటికెళ్లి పొట్లం విప్పాక పుల్లని కడిగి, ఆరబెట్టి, జేబులో పెట్టుకున్నాను. మన్నికైన సామగ్రిని పారెయ్యకూడదు.